కళ్ళు మూసుకుని చూసిన సినిమా

మా అమ్మాయి చచ్చిపోయే సీనులో నేను కళ్ళు మూసుకున్నాను. సినిమాలోనే లెండి. అయినా ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి ఆగి, గోడ మీది సిలువ వైపు చూశాను. నేను అలాంటి మనిషిని. ఫోన్ మోగితే ముందు ఆసుపత్రి గుర్తొస్తుంది, మోగకపోతే పోలీసులు గుర్తొస్తారు.

దివ్య మాకు ఒక్కతే కూతురు. అనకాపల్లిలో ఇంటర్, విశాఖలో డిగ్రీ. అక్కడ నాటకాల్లో వేషాలు వేసి, ఆ రుచి మరిగి హైదరాబాదు వెళ్ళింది. చిన్నాచితకా వేషాలు వేస్తూ వేస్తూ "నీలిమంట" అనే సినిమాలో పడింది. అందులో హీరో శేషు కరెంటు లైన్‌మ్యాన్. వరదలో స్తంభం ఎక్కి తీగ సరిచేస్తుంటే పిడుగు పడుతుంది. చావాల్సినవాడు చావడు. అరచేతుల్లోంచి నీలం మంట వచ్చే మనిషైపోయి, ఊరిని కాపాడతాడు. మావారు ఇమ్మాన్యుయేల్‌ది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. సినిమా చూసి వచ్చి, "కరెంటు పట్టుకుంటే బలం వత్తాదేటి? నాకు రోజూ కొడతాది. ఒక్క మంటా రాలేదు," అని పగలబడి నవ్వారు.

మా దివ్య అందులో శేషు చెల్లెలు నాగమణి. అన్నకి క్యారేజీ అందిస్తుంది, గట్టు మీద నిలబడి ఒకసారి ఏడుస్తుంది. అంతే. ఆ సినిమా బాగా ఆడింది. రెండో భాగం తీస్తున్నారని, అందులో నాగమణి పాత్ర చాలా పెద్దదని దివ్య ఫోన్ చేస్తే ఆయన స్వీట్లు తెచ్చారు. నేను అడిగింది ఒకటే. "తాళ్ళు కట్టి ఎగరేత్తారా?"

ఎగరేశారు. ఒకరోజు తాడు జారి దాని కాలు బెణికింది. నాతో చెప్పొద్దని వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన అన్నం దగ్గర కూర్చుని ముద్ద మింగలేక చెప్పేశారు. ఆ తరువాత షూటింగ్ అయ్యేదాకా నేను కుట్టిన జాకెట్లలో ఎన్నింటికి చంకలు బిగువైపోయాయో మా వీధి ఆడవాళ్ళని అడగాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే తరువాతది అర్థం కాదు. మా ఇళ్ళలో దిష్టి తీయరు. పాస్టరుగారు ఒప్పుకోరు. ఉప్పు, ఎండుమిరపకాయలు మా ఇంట్లో కూరలోకి తప్ప ఇంకెందుకూ రావు. కానీ భయం ప్రార్థనతో కొంత పోతుంది గానీ పూర్తిగా పోదు కదా. మా అమ్మ నోటితో తీసేది. ఎవరైనా పిల్ల ముద్దుగా ఉందంటే చాలు, "ఏటి ముద్దు? కాకిపిల్ల," అనేసేది. వాళ్ళ చూపు ఆ మాట మీదికి పోయి పిల్లని వదిలేస్తుందని ఆవిడ నమ్మకం. నాకూ అదే నోరు వచ్చింది. దివ్య స్కూల్లో మోనో యాక్షన్‌లో ఫస్టు ప్రైజు తెచ్చుకుని, పక్కింటివాళ్ళందరికీ కప్పు చూపిస్తుంటే, నేను గుమ్మంలో నిలబడి, "మిగతావోళ్ళెవరూ రాలేదేమో," అన్నాను. అది కప్పు బీరువా మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక నేను ఆ కప్పుని కొంగుతో తుడిచి చూసుకున్నాను. కానీ అది అప్పటికి నిద్రపోయింది.

"నీలిమంట 2" విడుదలైన రోజు ఉదయం ఆటకే పక్క పోర్షనులో ఉండే కుమారి, నేను వెళ్ళాం. ఆయనకి షాపులో ఎవరిదో బోరు మోటారు కాలిపోయి వచ్చింది, సాయంత్రం వస్తానన్నారు. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూశాను.

"వదినా, దొంగలకి పనుండదు. నువ్వే లాగి లాగి ఊడదీసేత్తావు," అంది కుమారి.

హాలు నిండా కుర్రాళ్ళు. కాగితం ముక్కలు, ఈలలు, తెర ముందు డాన్సులు. హీరో పేరు పడగానే నా పక్క కుర్చీ కుర్రాడు కుర్చీ మీదికి ఎక్కాడు. పడతాడేమోనని అతని ప్యాంటు పట్టుకున్నాను. "వదలండి ఆంటీ!" అన్నాడు. వదల్లేదు.

సినిమా గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. మొదటి భాగంలో ఊరు ఉంది. వరద ఉంది. శేషు స్తంభం ఎక్కుతుంటే కాళ్ళు వణికాయి, అందుకే అతను పైకి ఎక్కినప్పుడు మనకి ఊపిరి ఆడలేదు. రెండో భాగంలో అతను మేడల మీద ఎగిరినా జుట్టు చెదరలేదు. భయపడని మనిషి కోసం మనమేం భయపడతాం? విలన్ ఊళ్ళన్నిటి కరెంటునీ తాగేసే యంత్రం ఒకటి కట్టాడు. ఎందుకు కట్టాడో అతను చాలాసేపు చెప్పాడు గానీ నాకు ఎక్కలేదు. కొట్లాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అంత పెద్ద హీరో సినిమా మొత్తం మీద ఒక్కసారైనా అన్నం తినలేదు. మొదటి భాగంలో చెల్లెలి క్యారేజీ విప్పి తిన్నాడే, అదే ఎక్కువ గుర్తుంది నాకు. హీరోగారి నటన అంటారా, కండలు నటించాయి. కళ్ళు నటించలేదు.

నాగమణి మాత్రం తెర మీదికి వచ్చినప్పుడల్లా హాలు కాస్త సద్దుమణిగింది. అది నేను గమనించాను. గమనించి భయపడ్డాను.

ఆఖర్లో శేషు యంత్రంలో చిక్కుకుపోతాడు. కరెంటు ఆపితేనే బతుకుతాడు. ఆపే హ్యాండిల్ పవర్‌హౌస్ లోపల ఉంది, ముట్టుకున్నవాళ్ళు మిగలరు. నాగమణి బయలుదేరడానికి లేచింది. పాట ఆగిపోయి, ఆ సన్నాయి లాంటి శబ్దం మొదలైంది చూడండి, అక్కడ నేను కళ్ళు మూసుకున్నాను. చెవులు కూడా మూసుకుందామంటే రెండు చేతులూ కుమారి పట్టుకుని ఉంది. ఏవో పేలుళ్ళు వినిపించాయి. కుర్చీ మీద ఎక్కిన కుర్రాడు ముక్కు ఎగబీలుస్తున్నాడు. కుమారి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అయిపోయిందా?" అన్నాను.

"ఇంకా లేదు... అయ్యో దివ్యమ్మా... సూడు వదినా, ఒక్కసారి సూడు!"

"నాకొద్దు. అయిపోయేక సెప్పు."

కుమారి చెప్పేసరికి పేర్లు పడుతున్నాయి.

బయటికి వస్తే మెట్ల దగ్గర ఎప్పటిలాగే మైకులవాళ్ళు. కొత్త సినిమా పడితే చాలు, జనం మొహం మీద మైకు పెట్టి ఎలాగుందో అడిగి ఫోన్లలో పెడతారు. త్రినాథ్ అని మా ఊరి కుర్రాడే, సొంత ఛానెల్ ఉంది. మైకు నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఎలాగుంది సినిమా? ఫ్యామిలీ ఆడియన్స్‌కి నచ్చుతాదా?"

నేను తప్పుకుని పోదామనుకున్నాను. కుమారి కళ్ళు తుడుచుకుంటూ, "ఒరే బాబూ, ఈవిడెవరో తెలుసా? నాగమణిగా సేసింది ఈవిడ కూతురే! మా దివ్య!" అనేసింది.

అంతే. వెళ్ళేవాళ్ళు ఆగారు. మెట్ల మీద ఉన్నవాళ్ళు దిగారు. ఒకావిడ నా గడ్డం పట్టుకుంది. "ఏం పిల్లమ్మా! బంగారం!" అంది. ఇంకొకావిడ, "హీరోని తినేసింది తల్లీ, అంత బాగా సేసింది," అంది. చుట్టూ ఫోన్లు. అన్ని కళ్ళూ. నాకు ఆ కళ్ళలో తాడు కనిపించింది, జారిన తాడు. వచ్చే వారం దివ్యకి ఇంకో షూటింగు ఉంది. మళ్ళీ తాళ్ళు కడతారట.

"తల్లిగా మీరు సెప్పండమ్మా. ఎలాగ సేసింది మీ అమ్మాయి?" అన్నాడు త్రినాథ్.

"ఏటి సేసింది?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "కర్రలాగ నిలబడింది. దానికి ఏడుపు మొఖం కూడా సరిగ్గా రాదు. పక్కనోళ్ళు బాగా సేసేరు కాబట్టి నెట్టుకొచ్చింది. ఇంకెవరైనా అయితే ఇంకా బాగుణ్ణు."

వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. "అమ్మే రేటింగ్ ఇచ్చేసింది రా!" అని కుర్రాళ్ళు విరగబడి నవ్వారు. నాకు మాత్రం గుండెల మీంచి బరువు దిగినట్టుంది. అందరి చూపూ దివ్య మీంచి నా మీదికి వచ్చేసింది. దారిలో అరటిపళ్ళు కూడా కొనుక్కుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం ఆయన షాపు నుంచి వచ్చి, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, ఫోన్ నా ముందు పెట్టారు. అందులో నేను. కింద పెద్ద అక్షరాలు: సొంత తల్లే తేల్చేసింది. ఎవరో ఇంకో పని కూడా చేశారు. సినిమాలో దివ్య ఏడ్చే ముక్క ఒకటి, దాని పక్కన నా మొహం, "కర్రలాగ నిలబడింది" అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చేటట్టు. దానికి తాళం కూడా కట్టారు, పాటలాగ. వీధిలో పిల్లలు అప్పటికే అది పాడుతున్నారు.

"ఎందుకన్నావే ఆ మాట?"

"దిష్టి తగుల్తాదని..."

ఆయన చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పారు. "సరేలే. ఊరూవాడా నవ్వుతున్నారు. ఇంక పిల్లకి తగలడానికి దిష్టేటీ మిగల్లేదు," అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి దివ్య ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. "పనిలో ఉన్నాను" అని మెసేజ్ మాత్రం వచ్చేది. వాళ్ళ నాన్నతో మాట్లాడింది. సినిమావాళ్ళు పెట్టిన సమావేశంలో స్టేజీ ఎక్కితే ఎవరో "కర్ర" అని అరిచారట. హీరోగారు కూడా నవ్వారట. దివ్య కూడా నవ్విందట. ఆదివారం ఆరాధనలో పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "పరవాలేదు తబితమ్మా, అందరం మాట జారుతాం," అన్నారు. జారితే బాగుండేది. నేను గట్టిగా పట్టుకుని మరీ విసిరాను.

అదే రోజు మధ్యాహ్నం అన్నాలు అవుతుండగా ఫోన్ మోగింది. దివ్య.

"ఏంటమ్మా, బాగున్నావా?" అంది. ఆ "ఏంటమ్మా" హైదరాబాదుది. మాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ "ఏటే అమ్మా" అంటుంది.

"దివ్యా, నేను కావాలని కాదు తల్లీ. అంతమంది సూత్తన్నారు కదా. నీకు తెలుసు కదా నా సంగతి. దిష్టి..."

"తెలుసు. నాన్న చెప్పారు. నాకు కోపం లేదమ్మా."

"మరెందుకు ఎత్తలేదు?"

దాని వెనకాల ఎవరో మేకులు కొడుతున్న చప్పుడు. సెట్టు కాబోలు.

"అమ్మా, బాగున్నా నువ్వు బాగోలేదంటావు. బాగోకపోయినా అదే అంటావు. చిన్నప్పటి నుంచి అంతే. లోకం సంగతి నాకు అక్కర్లేదు, వాళ్ళు ఈ రోజు పొగుడుతారు, రేపు తిడతారు. నేను నిజంగా ఎలా చేశానో నాకు ఎలా తెలుస్తుంది? ఇప్పుడు చెప్పు. ఎవరూ లేరు. ఎలా చేశాను?"

"బాగా సేసేవు తల్లీ! చాలా బాగా సేసేవు!"

"ఎక్కడ?"

"ఏటి ఎక్కడ?"

"ఏ సీను బాగుంది? పవర్‌హౌస్ సీనులో ఏం నచ్చింది నీకు?"

నేను కుమారి వైపు చూద్దామంటే కుమారి లేదు. ఆయన వైపు చూశాను. ఆయన పెరుగు అన్నం కలుపుతూ తల దించుకున్నారు.

"ఆ... ఏడిసేవు కదా. బాగా ఏడిసేవు."

"ఆ సీనులో నేను ఏడవలేదమ్మా," అంది దివ్య. "నువ్వు చూడలేదు కదా?"

ఎవరో పిలిచారంది. పెట్టేసింది.

చూడకుండానే తీర్పు చెప్పాను. ఊరంతటి ముందు ఒకటి, చాటుగా ఒకటి. రెండూ అబద్ధాలే. మొదటిది దాని మేలు కోరి అన్నాననుకున్నాను. రెండోదానికి ఆ సాకు కూడా లేదు. ఇకమీదట నేను బాగుందన్నా బాగోలేదన్నా దాని చెవికి ఒకటే. దానికి పెళ్ళి కుదిరినా, పిల్ల పుట్టినా, అవార్డు వచ్చినా, అమ్మ ఏదో అంటుందిలే అనుకుంటుంది. దాని విషయంలో నేను భయపడని ఆపద లేదు. తాడు, లారీ, జ్వరం, చెడ్డవాళ్ళు, అన్నీ వరసగా వేసుకున్నాను. ఇది మాత్రం నా లెక్కలో లేదు.

రెండు రోజులు మిషన్ దగ్గర కూర్చున్నాను గానీ కుట్టు సాగలేదు. ఒకావిడ జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపుకి కోశాను. మూడో రోజు మధ్యాహ్నం ఆటకి బయలుదేరాను. ఒంటరిగా. సినిమా హాలుకి ఒంటరిగా వెళ్ళడం నా బతుకులో అదే మొదలు. కుమారి వస్తానంది. వద్దన్నాను.

"మళ్ళీ కళ్ళు మూసుకుంటే ఎవరు సెప్తారు అయిపోయిందని?"

"మూసుకోను. అందుకే వద్దంటన్నాను."

తాళం వేశాను. మలుపు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చి లాగి చూశాను. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు.

హాలు ఖాళీగా ఉంది. ముందు వరసల్లో కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలు, వెనక ఒక ముసలాయన, మనవరాలితో ఒకావిడ. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. ఈలలు లేకపోతే సినిమా ఇంకోలా ఉంది. మేడల మీద ఎగరడాలు ఇంకా విసుగ్గా ఉన్నాయి. కానీ నాగమణి అన్నతో మాట్లాడేటప్పుడల్లా అతని మొహం వైపు కాకుండా అతని చేతుల వైపు చూస్తుందని మొదటిసారి కనిపించింది. ఆ చేతుల్లోంచే కదా మంట వచ్చేది. అన్న అంటే ప్రేమే, చేతులంటే భయం. మొదటి రోజు నేను దాన్ని చూశాను తప్ప, అది ఏం చూస్తోందో చూడలేదు.

పాట ఆగింది. ఆ సన్నాయి శబ్దం మొదలైంది. నా రెప్పలు వాటంతట అవే వాలిపోతున్నాయి. ముందు కుర్చీ పట్టుకున్నాను. చూడాలి, చూసి తీరాలి అనుకున్నాను.

నాగమణి ఇంట్లోంచి బయటికి వచ్చింది. తలుపు వేసింది. తాళం వేసింది. వీధిలోకి కొంత దూరం నడిచింది. ఆగింది. వెనక్కి వచ్చి తాళం లాగి చూసింది. ఊడలేదు. మళ్ళీ నడిచింది.

చావడానికి పోయే పిల్ల ఇంటికి తాళం పడిందో లేదో చూసుకుంది.

వెనక వరసలో ఆవిడ, "మా అత్త కూడా ఇంతే," అని మనవరాలితో అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ నడక నాది. ఆ ఆగడం నాది. తాళం లాగాక చేతిని చున్నీకి తుడుచుకోవడం, అదీ నాదే.

పవర్‌హౌస్ లోపల మంటలు, నిప్పురవ్వలు. హ్యాండిల్ ముందు నిలబడింది. దివ్య చెప్పింది నిజమే, ఏడవలేదు. అరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. శబ్దం లేదు. ఏ మాటో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. రాసినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు, ఎందుకంటే సినిమాలో నాగమణి మా మతం పిల్ల కాదు. నాకు తెలుసు. దివ్య స్కూలుకి పోతూ హైవే దాటేటప్పుడు నేను గుమ్మంలో నిలబడి "యేసయ్యా, యేసయ్యా" అని పెదాలు ఆడించేదాన్ని. అది అవతలి వైపుకి చేరి, వెనక్కి తిరిగి, నోరు చేపలాగ తెరిచి మూసి నన్ను వెక్కిరించేది.

హ్యాండిల్ లాగింది. తెర అంతా తెల్లగా అయిపోయింది. తరువాత శేషు పరుగెత్తుకొచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. అతని చేతుల్లో మంట ఆరిపోయింది. కెమెరా పైనుంచి మెల్లగా కిందికి వచ్చింది. నా బిడ్డ కళ్ళు మూసుకుని పడి ఉంది. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. చూశాను. రెప్ప వెయ్యకుండా చూశాను. మొహం చూశాను, మెడ చూశాను, చున్నీ చూశాను.

చున్నీ కింద దాని కడుపు కదిలింది. చిన్నగా. ఒక్కసారి.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర త్రినాథ్. వేరే సినిమా కోసం వచ్చినట్టున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! మళ్ళీ సూసేరా? మీ వీడియో వల్లే నా ఛానెల్ నిలబడిందమ్మా! ఇంకొక్క మాట సెప్పండి. ఈసారి ఎలాగ సేసింది?"

మైకు నోటి దాకా వచ్చింది. అక్కడ ఒక్క మంచి మాట చెబితే ఆ పాట ఆగుతుందేమో అనిపించింది. నోరు తెరిచాను. కానీ అది దివ్య నన్ను అడిగిన మాట. జవాబు దానికే ముందు వెళ్ళాలి.

"బాబూ, నేను ముందు దానికి సెప్పాలి. దానికి సెప్పకుండా నీకు సెప్తే మళ్ళీ అదే తప్పు," అన్నాను.

"అది కూడా బాగుందమ్మా, అదే సెప్పండి!" అన్నాడు. తప్పుకుని రోడ్డు పక్కన ఆటోల దగ్గర నిలబడి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అలాగ చేస్తే కంగారు పడుతుందని తెలుసు. అయినా చేశాను.

"ఏంటమ్మా? ఏమైంది? నాన్న బాగున్నారా?"

"నాన్న బాగున్నారు. నేను సినిమా సూసేను. ఇప్పుడే. కళ్ళు తెరిసి సూసేను."

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"సెప్పనా?"

"ఊఁ."

"తాళం లాగి సూసేవు. అది బాగుంది. వెనక ఒకావిడ వాళ్ళత్తని తలుసుకుంది. అన్న సేతులకేసి సూత్తావు, మొఖంకేసి సూడవు. అదీ బాగుంది. మీ హీరో కన్నా నువ్వే బాగా భయపడ్డావు. అతనికి భయం రాదు, ఎవరైనా సెప్పండి అతనికి."

"ఇంకా?" అంది. గొంతు చిన్నదైపోయింది.

"హ్యాండిల్ ముందు పెదాలు కదిపేవు. ఆ మాటేటో నాకు తెలుసు."

ఆటోవాడు "ఎక్కుతారా?" అని సైగ చేశాడు. తల అడ్డంగా ఊపాను.

"ఒకటి మాత్రం బాగోలేదు," అన్నాను.

"ఏటి?" అంది దివ్య. టక్కున వచ్చేసింది మా ఊరి మాట.

"నువ్వు సచ్చిపోయేక... కడుపు కదిలింది. ఊపిరి పీల్సేవు. తప్పు కదా అది? సచ్చినోళ్ళు పీల్సరు కదా?"

అవతల ఒక్కసారిగా నవ్వు. నవ్వు మధ్యలో ఏడుపు, మళ్ళీ నవ్వు. "అమ్మా! డైరెక్టరు సూడలేదే! ఎడిటింగులో ఎవరూ సూడలేదు! నాకు తెలుసు అక్కడ ఆపలేకపోయేనని, ఎవడైనా పట్టుకుంటాడని రిలీజు రోజంతా హడలి సచ్చేను! నువ్వెలాగ సూసేవే?"

"నేను దానికోసమే సూత్తన్నాను కదా," అన్నాను.

అది ముక్కు చీదుకుంది. "అయితే మిగతాది?"

చుట్టూ జనం ఉన్నారు. ఆటోవాడు వింటున్నాడు. త్రినాథ్ దూరం నుంచి ఇటే చూస్తున్నాడు. "బాగా సేసేవు దివ్యా," అన్నాను, గొంతు తగ్గించకుండానే. వెంటనే నాలుక కొసకి అలవాటైన మాట వచ్చి నిలబడింది. మింగేశాను. అది కిందికి దిగేదాకా గొంతులో గుచ్చుకుంటూనే ఉంది.

దివ్య కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "కోతి మొఖం అనవా?"

"అనను."

"తాడు జారితే?"

"జారదు," అన్నాను. నా గొంతులో నమ్మకం ఎంతుందో నాకే తెలియలేదు. "నువ్వు మాత్రం కట్టేవాళ్ళని రెండుసార్లు లాగి సూడమను."

"నేనే లాగి సూత్తన్నాను లే అమ్మా. నీ కూతుర్ని కదా." అని, ఎవరో పిలిస్తే "వత్తన్నా!" అని అరిచి, మళ్ళీ నాతో, "ఎక్కడున్నావు? బండ్ల చప్పుడు వినిపిత్తంది. రోడ్డు సూసుకుని దాటు," అంది.

ఫోన్ పెట్టేసి రోడ్డు దాటాను. నేను దాటుతుంటే హైదరాబాదులో దాని పెదాలు కదులుతున్నాయో లేదో నాకు కనిపించదు కదా. మెల్లగానే దాటాను.